పిన్ని హస్తవాసి

ల్యాబులో అందరూ ఆమెను పిన్ని అనేవాళ్ళు. కొత్తగా చేరిన విద్యార్థులు మొదటి వారం మేడమ్ అని పిలిచి, రెండో వారానికల్లా తాము కణాలు పెంచే ప్లేటు చేత్తో పట్టుకుని "పిన్నీ, నా కణాలెందుకిలా అయిపోయాయి?" అంటూ ఆమె వెనకాల తిరిగేవాళ్ళు. ఆమె ప్లేటును వెలుతురుకేసి ఎత్తి చూసి, "ఏం కాలేదు, ఆకలికి సొమ్మసిల్లాయి. నిన్న సినిమాకెళ్ళావా?" అనేది. వెళ్ళామనేవాళ్ళే ఎక్కువ.

మూలకణాలకు సెలవుల్లేవు. రోజూ పాత ద్రవం తీసేసి కొత్తది పోయాలి. ఆదివారమైనా, బస్సులు ఆగిపోయినా, ఇంట్లో ఎవరికి జ్వరమొచ్చినా పోయాల్సిందే. ఒక్కరోజు మరిచిపోతే కణాలు ఆ కోపం మనసులో పెట్టుకున్నట్టు తమకు తోచిన దారి పట్టి, దేనికీ పనికిరాకుండా పోతాయి. ఆ గులాబి రంగు ద్రవాన్ని విద్యార్థులు మీడియం అంటే, పిన్ని గులాబి నీళ్ళు అనేది. వేళ తప్పకుండా వాటికి గులాబి నీళ్ళు పోయడమే ఆమె ఉద్యోగం.

అంతకు ముందు ఆమె కోడిపిల్లల హేచరీలో చేసింది. వేళకు గుడ్లు తిప్పడం, అరల్లో వెచ్చదనం తగ్గకుండా కనిపెట్టుకుని ఉండటం, గడువు దాటినా పగలని గుడ్లను ఏరి పారేయడం. ఆ హేచరీ మూతపడ్డాక ల్యాబులో గాజుసామాను కడగడానికి చేరింది. ఒకసారి కణాల గదిలో మనిషి సెలవు పెడితే నాలుగు రోజులు ఆమెను కూర్చోబెట్టారు. ఆ నాలుగు రోజులూ ఏ ప్లేటులోనూ బూజు పట్టలేదు. పెద్దాయన, అంటే ల్యాబు అధిపతి, వచ్చి చూసి, ఈమె చేతులు వణకవు, తొందరపడవు, ఇక్కడే ఉండనివ్వండి అన్నాడు. అలా కడిగే సింకు దగ్గర నుంచి హుడ్ ముందుకు, గాజుతలుపు వెనకాల గాలి శుభ్రంగా వీచే బల్ల ముందుకు, ఆమె స్టూలు మారింది.

పని నేర్పిన సీనియరు మంచివాడే కానీ మాటలు పొదుపు. ఇది తియ్యి, అది పొయ్యి, ఇలా వంచు, అలా ఆపు. అంతవరకే. ఎందుకని అడిగితే "అదంతే" అనేవాడు. కణాలను గడ్డకట్టించి దాచే పద్ధతి నేర్పినప్పుడు మాత్రం ఒక హెచ్చరిక చేశాడు. మంచుకు కణాలు పగిలిపోకుండా వాటిలో ఒక సాల్వెంట్, మందులు కరిగించడానికి కూడా వాడే ద్రవం, కలుపుతారు. సీసా మీద నాలుగు ఇంగ్లీషు అక్షరాలుంటాయి. చలిలో కణాలను కాపాడేది అదే, కానీ అవి వెచ్చబడ్డాక అందులో ఉంచితే విషమే, కరగ్గానే కడిగి పారేయాలి, ఒక్క క్షణం కూడా ఎక్కువ ఉంచొద్దు అన్నాడు. ఆ మాట ఆమె మనసుకు పట్టింది. తర్వాత ఒకసారి చిరిగిన గ్లోవులోంచి ఆ సాల్వెంట్ వేలికి తగిలింది. కాసేపటికి నోట్లో వెల్లుల్లి నమిలినట్టు రుచి. వేలికి తగిలింది నోటిదాకా వచ్చిందంటే అది ఎంత పాపిష్టిదో అనుకుంది. అప్పటి నుంచి దాని పేరు వెల్లుల్లి నీళ్ళు. విద్యార్థులు కూడా నవ్వుకుంటూ అలాగే అనడం మొదలుపెట్టారు.

డాక్టరమ్మ వచ్చింది ఆ తర్వాత. వైద్యం చేసే డాక్టరు కాదు, పరిశోధన చేసి ఆ పట్టా తెచ్చుకున్నావిడ. సన్నగా, ఎప్పుడూ ఏదో లెక్క మధ్యలో ఉన్నట్టు కనిపించేది. ఆవిడ పని మూలకణాలను క్లోమ కణాలుగా మార్చడం. మూలకణమంటే ఇంకా ఏమీ కాని కణం. ఏ మందు, ఏ వరసలో, ఎంతసేపు తగిలిందో దాన్నిబట్టి అది ఒక దారిన నడుస్తుంది. గుండె కావచ్చు, నరం కావచ్చు, ఇన్సులిన్ చేసే కణమూ కావచ్చు. ఆ మందుల వరస చాలామందికి తెలిసిందే. దాంతో దారికొచ్చే కణాలు మాత్రం కొద్దిగానే ఉంటాయి. వరస మొదలుకాక ముందే ఒక కొత్త రసాయనం తగిలిస్తే కణాలు మాట వినే స్థితికొస్తాయని డాక్టరమ్మ నమ్మకం. ఆ రసాయనం లేత పసుపు పొడి. కింది అంతస్తులో రసాయనాలు చేసేవాళ్ళు ఆవిడ కోసమే తయారుచేసిచ్చారు. నీళ్ళలో కరగని మొండిది. మామూలు కన్నా ఎక్కువే ఆ సాల్వెంట్ పోస్తే గాని కరిగేది కాదు.

మొదటిసారి డాక్టరమ్మ తనే చేసుకుంది. రెండు వరసల ప్లేట్లు. ఒక వరసకు ఆ పసుపు పొడి మందు, రెండోది పోలిక కోసం పెట్టుకునే కంట్రోల్ వరస, దానికి మందు లేదు. చివర ఒక రంగు పోస్తే ఇన్సులిన్ కణాలున్న చోటల్లా కుంకుమరంగు చుక్కలు తేలతాయి. ఆ రోజు రెండు వరసలూ ఒక్కలాగే ఎర్రబడ్డాయి. తేడా లేదు. రంగు ఎక్కువైందేమో, కణాలు ముసలివేమో, నా చేతులే మొద్దువేమో అని డాక్టరమ్మ తనలో తనే గొణుక్కుంటూ బల్ల సర్దుకుంది.

రెండోసారి సరిగ్గా మందు వేసే పూట పెద్దాయన ఆవిడను ఎవరో వచ్చారని పైకి పిలిచాడు. వెళ్తూ వెళ్తూ పిన్నికి అప్పజెప్పింది. "ఈ వరసకు మందు. ఆ వరస కంట్రోల్, దానికి మందుండదు. మిగతాదంతా సమానం." రెండు గొట్టాలు చూపించింది. ఒకటి మందు కరిగిన సాల్వెంట్, రెండోది ఉత్త సాల్వెంట్.

పిన్ని మొదటి వరస పూర్తిచేసి రెండో గొట్టం మూత తీసింది. వాసన తెలిసింది. వెల్లుల్లి నీళ్ళు. మందిస్తున్న వాటికి తప్పదు సరే, మందు కరగాలి కాబట్టి. మందే లేని వాటికి ఈ శిక్ష ఎందుకు? వెచ్చటి కణాలకు విషమని సీనియరు చెప్పింది గుర్తొచ్చింది. ఎవరో పొరపాటున కలిపి పెట్టిన గొట్టమేమో అనుకుని పక్కన పెట్టేసి, సరిగ్గా అంతే కొలత గులాబి నీళ్ళు పోసింది. సమానమని కదా డాక్టరమ్మ అంది. సమానమే చేశాననుకుంది. ఇది ఎవరికీ చెప్పాల్సిన సంగతిగా ఆమెకు తోచలేదు. అన్నం పెట్టేటప్పుడు మాడు పక్కకు తీసిపెట్టడంలాంటిది. అది కూడా ఒకరికి చెప్పి చేస్తారా?

ఆసారి మందు వరస కుంకుమ చల్లినట్టు ఎర్రబడింది. కంట్రోల్ వరస పాలిపోయి ఉంది. డాక్టరమ్మ మైక్రోస్కోపు మీంచి తలెత్తలేదు చాలాసేపు. ఎత్తాక పిన్ని రెండు చేతులూ పట్టుకుని తిప్పి చూసింది, వేళ్ళ మధ్య ఏమైనా దాచిందేమో అన్నట్టు. "హస్తవాసి అంటే ఇది పిన్నీ. ఇక నేను ముట్టుకోను. అంతా నువ్వే చెయ్యి."

అన్నట్టే ఆ తర్వాత ప్రతిసారీ పిన్నే చేసింది. ప్రతిసారీ తేడా కనిపించింది. పరిశోధన పేపరు రాశారు, అచ్చయింది. చివర కృతజ్ఞతలు చెప్పే చోట పిన్ని అసలు పేరు కూడా వేశారు. ఆ పేజీ కాపీ తీసి డాక్టరమ్మ ఇంటికి తీసుకెళ్ళమంటే, పిన్ని మడత పడకుండా రెండు అట్టల మధ్య పెట్టి తీసుకెళ్ళింది.

ఇల్లంటే రెండు గదులు, వీధివైపు కుట్టుమిషను. ఆమె భర్త టైలరు. కూతురు పెళ్ళయి వెళ్ళాక ఇంట్లో మిగిలింది వాళ్ళిద్దరూ, ఆయన చెల్లెలూ. ఆ ఆడపడుచుకు బడికెళ్ళే వయసు నుంచే షుగరు. పొట్టమీద సూది పొడుచుకోకుండా భోజనానికి కూర్చోలేదు. అన్న కుట్టిన బట్టలకు గుండీలూ హుక్కులూ కుడుతుంది, నోరు ఆగదు. టైలరు ఆ కాపీని అటూ ఇటూ తిప్పి, "ఏమే, ఇంత చిన్న అక్షరాల్లోనా నీ పేరు? గుండీ కాజా కూడా ఇంతకన్నా పెద్దది" అన్నాడు. ఆడపడుచు లాక్కుని చదివి, "ఉండన్నయ్యా, వదిన పెంచిన కణాలు నా పొట్టలో పెడితే ఈ సూదుల గోల పోతుంది. అప్పుడు నీ మిషను సూదులకి కూడా సెలవిచ్చేద్దాం" అంది. పిన్ని నవ్వింది కానీ ఆ మాట నిజమనే అనుకుంది. ఇంకా చాలా ఏళ్ళు పడుతుందని డాక్టరమ్మ చెబుతూనే ఉండేది. ఏళ్ళు పట్టేది కూడా జరిగేదే కదా అనుకునేది పిన్ని. ప్లేటు ఎర్రబడిన ప్రతిసారీ ఇంటికొచ్చి చెప్పేది. ఆడపడుచు గుండీ కుడుతూ వినేది.

ఆ మందు మీదే డాక్టరమ్మ బతుకు కూడా ఆధారపడి ఉంది. ఆవిడది ఏడాదికోసారి పొడిగించే ఉద్యోగం. మందు నిజంగా పనిచేస్తుందని ఇంకొక ల్యాబువాళ్ళు కూడా చేసి చూసి ఒప్పుకుంటే ఉద్యోగం స్థిరమవుతుందని పెద్దాయన మాటిచ్చాడు. ఈలోగా వేరే ఊళ్ళో ఒక కంపెనీ వాళ్ళు మంచి పనికి పిలిచారు. డాక్టరమ్మ రెండు రోజులు తినీ తినక తిరిగి, మూడోనాడు టీ తాగుతూ పిన్నిని అడిగింది, వెళ్ళనా అని. పిన్నికి అలాంటి ప్రశ్న ఎవరూ ఎప్పుడూ వేయలేదు. "పంట ఎర్రగా పండుతుంటే ఎవరైనా చేను వదిలిపెట్టి పోతారా అమ్మా? ఉండండి. ఇద్దరం ఉన్నాం కదా" అంది. డాక్టరమ్మ ఉండిపోయింది. ఆ మాట వల్లే ఉండిపోయిందా, ఎలాగూ ఉండేదా అన్నది పిన్ని తర్వాత చాలాసార్లు అటూ ఇటూ వేసి చూసుకుంది.

దూరాన ఉన్న ఇంకొక ల్యాబువాళ్ళు చేసి చూశారు. మాకు తేడా కనబడలేదు, రెండు వరసలూ ఒక్కలాగే ఎర్రబడుతున్నాయి అని రాశారు. డాక్టరమ్మ మరింత వివరంగా రాసి పంపింది. వాళ్ళు మళ్ళీ చేశారు, మళ్ళీ అదే జవాబు. ల్యాబులో అందరూ, వాళ్ళకు పిన్ని లేదు కదా మరి అని నవ్వారు. పిన్నీ నవ్వింది. లోపల కాస్త గర్వంగా కూడా అనిపించింది. చివరికి పెద్దాయన, ఈమె చేస్తుండగా వీడియో తీసి వాళ్ళకు పంపండి, చూసి నేర్చుకుంటారు అన్నాడు.

ఆ రోజు పిన్ని తల నున్నగా దువ్వుకుని, భర్త కుట్టిన కొత్త జాకెట్టు వేసుకుని వచ్చింది. పైన కోటు వేసుకుంటే అది ఎటూ కనబడదు. డాక్టరమ్మ పక్కన నిలబడి ఫోను పట్టుకుంది. ఏం చేస్తున్నావో చెబుతూ చెయ్యి, కింద ఇంగ్లీషులో నేను రాస్తాలే అంది. పిన్ని మొదట తడబడినా రెండు నిమిషాలకే సర్దుకుంది. పిపెట్ ఎలా పట్టాలో, గోడవారగా ఎలా జారనివ్వాలో, కణాల మీద నేరుగా ఎందుకు పోయకూడదో వరసగా చెప్పుకుంటూ పోయింది. మందు వరస అయింది. రెండో వరస దగ్గరికి జరుపుకుంది.

"ఇవి మందు లేని ప్లేట్లు. వీటికి ఉత్త గులాబి నీళ్ళు, వాటికి మందు ఎంత వేశామో అంతే కొలత."

"సాల్వెంట్ గొట్టం అటుంది పిన్నీ" అంది డాక్టరమ్మ ఫోను కదలకుండా.

"వెల్లుల్లి నీళ్ళా? వీటికెందుకమ్మా, మందే లేదుగా."

హుడ్‌లో పిన్ని చేతులు పని చేస్తూనే ఉన్నాయి. ప్లేటులో ఇంకో రెండు గుంటల్లో పోశాక తలెత్తి చూసింది. డాక్టరమ్మ ఫోను ఇంకా అలాగే పట్టుకుని ఉంది. కళ్ళు మాత్రం ఫోను మీద లేవు.

"ఎప్పుడూ ఇంతేనా?"

"ఎప్పుడూ ఇంతే. కొలత మాత్రం తక్కువ చెయ్యలేదమ్మా. ఒక్కసారి కూడా."

డాక్టరమ్మ వీడియో ఆపింది. ఫోను బల్లమీద బోర్లించింది. కుర్చీ లాక్కుని కూర్చుని, గ్లోవులు ఒక్కో వేలూ లాగి తీసింది. తప్పు జరిగిందని పిన్నికి అర్థమైంది గానీ ఏ తప్పో తెలియలేదు. ప్లేటు మూత పెట్టేసి చేతులు ఒళ్ళో పెట్టుకుంది.

డాక్టరమ్మే చెప్పింది. గొంతు పెంచలేదు. మందు వేసిన ప్లేటులో నిజానికి రెండున్నాయి, మందూ ఉంది, వెల్లుల్లి నీళ్ళూ ఉన్నాయి. కణాలు మారాయంటే వాటిని మార్చింది ఏది? తెలియాలంటే రెండో ప్లేటులో వెల్లుల్లి నీళ్ళు ఒక్కటే వేసి చూడాలి. అది మారకపోతే పని చేసింది మందు. అదీ మారిపోతే మందుది ఏమీ లేదు. కంట్రోల్ అంటే మందు లేనిది కాదు పిన్నీ, మందు ఒక్కటే లేనిది.

ఆ మాట అర్థం కావడానికి పిన్నికి ఒక్క నిమిషం పట్టింది. ఆ తర్వాత ఆమెను ఎక్కువ కాలం బాధపెట్టింది ఆ నిమిషమే. అంత తేలికైన సంగతి. ఎవరైనా ఏనాడైనా చెప్పి ఉంటే, లేదా ఆ మొదటి పూట ఆ గొట్టం పట్టుకుని పైకి వెళ్ళి ఇదేమిటని తను అడిగి ఉంటే, అంతటితో పోయేది. అడగడానికి మెట్లెక్కితే చాలు. గొట్టం పక్కన పెట్టడం తేలికనిపించింది.

ఆ ప్లేట్లు పారేసి మళ్ళీ మొదటి నుంచీ పెట్టారు. ఈసారి రెండు వరసలకూ సాల్వెంట్ వేయాలి. నువ్వే వెయ్యి అంది డాక్టరమ్మ, ఇన్నాళ్ళూ వేసిన చేతులతోనే చూడాలి కదా అని. పిన్ని కంట్రోల్ ప్లేట్లలో వెల్లుల్లి నీళ్ళు పోసింది. కణాల మీద జాలి కలగడానికి మనసులో చోటు లేదు. ఇవి మారకూడదు, ఇవి పాలిపోయే ఉండాలి అని ఒకటే కోరుకుంది. హేచరీలో గుడ్డు పగలాలని కోరుకున్న మనిషి, పగలకూడదని కోరుకోవడం అదే మొదలు.

కణాలు మారడానికి వారాలు పడుతుంది. ఆ వారాలన్నీ ఆమె రోజూ వాటికి గులాబి నీళ్ళు పోస్తూనే ఉంది. ఒకపూట ఆలస్యంగా పోస్తే కంట్రోల్ వరస దారి తప్పుతుందని తెలుసు. ఎవరికీ తెలియకుండా చేయగలదు కూడా. ఒక ఆదివారం గోడ గడియారం చూస్తూ స్టూలు మీద కాసేపు కూర్చుంది. తర్వాత లేచి, ఆ ఆలోచన వచ్చినందుకు తల కొట్టేసినట్టయి, కంట్రోల్ వాటికే ముందు పోసింది.

ఇంట్లో ముందు భర్తకు చెప్పింది. ఆయన మిషను చక్రం చేత్తో ఆపి విన్నాడు. "కొలత తప్పితే బట్ట వేరే కొనిస్తాం. ఇది అలా తీరేది కాదు కదూ" అన్నాడు. కాదంది. ఆడపడుచుకు ఎలా చెప్పాలో తెలియక నాలుగు రోజులు తప్పించుకు తిరిగింది. ఆమే అడిగింది చివరికి, ఏమిటి వదినా ఈ మధ్య నీ ఎర్ర చుక్కల కబుర్లు లేవు అని. పిన్ని ఉన్నదున్నట్టు చెప్పింది. మందు ఉత్తదే కావచ్చు అంది. ఆడపడుచు దారం పళ్ళతో తెంపి, ఇంకో గుండీ తీసుకుంది.

"నేనెప్పుడు నమ్మాను వదినా? నువ్వు అంత సంబరంగా చెబుతుంటే కాదనడమెందుకని ఊరుకున్నాను."

ఓదార్చడానికే అందో, నిజమే అందో పిన్నికి తేలలేదు. గుండీ మాత్రం తిరగేసి కుట్టింది ఆడపడుచు. మళ్ళీ విప్పి కుట్టాల్సి వచ్చింది.

రంగు పోసే రోజు డాక్టరమ్మ, పిన్ని ఇద్దరే ఉన్నారు. మైక్రోస్కోపు అక్కర్లేకుండానే కనబడింది. మందు వరస ఎర్రగా ఉంది. కంట్రోల్ వరస ఎర్రగా ఉంది. రెంటినీ కలిపేసి ఏది ఏ వరసదో చెప్పమంటే ఎవరూ చెప్పలేరు. ఇన్నేళ్ళూ ఏ రంగు కోసం ఎదురుచూశారో ఆ రంగే ఇప్పుడు కావాల్సినదానికి రెట్టింపు వచ్చింది. డాక్టరమ్మ చాలాసేపు చూసి, "బాగా పండాయి" అంది మెల్లగా. వెక్కిరింపుగా అనలేదు.

పిన్నికి ఒక ఆలోచన తట్టింది. ఎర్రబడటం నిజమే కదా. అయితే ఆ వెల్లుల్లి నీళ్ళే మందన్నమాట, అదే రాయొచ్చు కదమ్మా, మందు మారింది గానీ పని జరిగింది కదా అంది. చెప్పేటప్పుడు గొంతులో ఆశ దాగలేదు.

"అది ఎవరో ఎప్పుడో రాసేశారు పిన్నీ. అందుకే కదా ఆ రెండో గొట్టం."

ఆ తర్వాత జరగాల్సినవి ఒకటొకటిగా జరిగాయి. పేపరు వెనక్కి తీసుకుంటున్నామని పత్రికకు రాయాలి. పెద్దాయన పేరు కూడా దానిమీద ఉంది. ఆయన మనిషి చెడ్డవాడు కాదు గానీ పరువు మీదికొచ్చేసరికి ముఖం ముడుచుకుపోయింది. కింది ఉద్యోగి పొరపాటని ఒక వాక్యం చేర్చితే మనందరికీ మంచిది, ఆమెకు పోయేదేం లేదు, పేరు రాయం అన్నాడట. డాక్టరమ్మ ఒప్పుకోలేదని పక్కగదిలో విన్న విద్యార్థిని వచ్చి చెప్పింది. కంట్రోల్ సరిగా పెట్టలేదు, దానికి బాధ్యత నాది అని మాత్రమే రాసిందట. పిన్ని మర్నాడు తనే పెద్దాయన గదికి వెళ్ళి, పోసింది నేనండీ, అలాగే రాయండి అంది. ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకుంటూ, రాయడం అయిపోయిందమ్మా, వెళ్ళి పని చూసుకో అన్నాడు. ఆ పని చూసుకోవడం ఎలాగో ఆయన చెప్పలేదు.

డాక్టరమ్మ ఉద్యోగం ఆ ఏడాది పొడిగించలేదు. కంపెనీ వాళ్ళను అడిగి చూసిందేమో, అక్కడ వేరే ఎవరో చేరిపోయారు. ఇంకో ఊళ్ళో ఒక కాలేజీలో పాఠాలు చెప్పే పని దొరికింది. ల్యాబు ఉండదు, ప్లేట్లుండవు. గడువు తీరేవరకు మిగిలిన చిన్నచిన్న పనులు ముగించుకుంది. ఆ నెలల్లో ఆవిడ తన ప్లేట్లు తనే చూసుకుంది. పొద్దున్నే వచ్చి, పిన్ని కోటు వేసుకునేలోపే హుడ్ ముందు కూర్చునేది. నేను పోస్తాను లేండమ్మా అంటే, పర్లేదు పిన్నీ, నేనే చేస్తా అనేది. మాట మారలేదు, నవ్వూ మారలేదు, టీ వేళకు పక్కనే వచ్చి కూర్చునేది. కానీ ప్లేటు మాత్రం చేతికివ్వలేదు. పిన్ని ఇంకొకరి ప్లేట్లకు నీళ్ళు పోస్తూ, పక్క హుడ్‌లో డాక్టరమ్మ పిపెట్ కాస్త తొందరగా ఒత్తడం, ద్రవం కణాల మీదే పడటం ఓరకంట చూసేది. చూసి చెప్పకుండా ఊరుకునేది. చెప్పే హక్కు పోయిందనిపించేది.

ఒకసారి గొట్టాల మీద పేర్లు రాస్తూ అడిగింది, ఇదెందుకు, అదెందుకు అని. డాక్టరమ్మ అన్నిటికీ జవాబు చెప్పింది. ఓపిగ్గా, పిల్లలకు చెప్పినట్టు. ఇంత బాగా చెప్పగలదని పిన్నికి అప్పుడే తెలిసింది. కాలేజీ పిల్లలు అదృష్టవంతులు అనుకుంది. ఆ అనుకోవడంలోనే ఎక్కడో ముల్లు తగిలినట్టయి, ఇక అడగడం మానేసింది.

ఆఖరి రోజు విద్యార్థులు కేకు కోయించారు. పెద్దాయన రెండు మంచి మాటలు చెప్పాడు. అన్నీ అయ్యాక డాక్టరమ్మ పుస్తకాల అట్టపెట్టె ఒకటి ఎత్తుకుంది, పిన్ని రెండోది ఎత్తుకుంది. ఇద్దరూ బస్సు స్టాపు దాకా నడిచారు. పెట్టెలు బెంచీ మీద పెట్టి నిలబడ్డారు. ఎండ ఇంకా ఉంది. రోడ్డుకు అవతల ఒకతను సైకిలు ట్యూబు నీళ్ళలో ముంచి బుడగలు ఎక్కడొస్తాయా అని చూస్తున్నాడు. ఇద్దరూ అటే చూస్తూ నిలబడ్డారు.

"ఒక్కసారి తిట్టెయ్యండమ్మా" అంది పిన్ని. "ఇన్నాళ్ళ నుంచీ ఎదురుచూస్తున్నాను. తిడితే ఇంటికెళ్ళి ఏడ్చి పడుకుంటాను."

డాక్టరమ్మ చెంగు అంచు వేలికి చుట్టి విప్పింది.

"ఆ మొదటిసారి నేను చేసినప్పుడు తేడా రాలేదు పిన్నీ. నీకు వచ్చింది. ఎందుకొచ్చిందో పక్కన కూర్చుని చూడాల్సింది నేను. నాకు వచ్చిన జవాబు నచ్చింది, అందుకని చూడలేదు. ఇంక నిన్నేమని తిట్టను?"

"అది మీరు చదువుకున్న వాళ్ళు చెప్పే మాట. నేను చెడగొట్టింది నేను చెడగొట్టిందే."

"అవును" అంది డాక్టరమ్మ. "అదీ నిజమే."

ఆ అవునన్న మాట పిన్నికి కాస్త ఊపిరి ఆడేలా చేసింది. బస్సు వచ్చి ఆగింది. కండక్టరు పెట్టెలకు టికెట్టు కావాలన్నాడు, డాక్టరమ్మ తీసుకుంది. పిన్ని పెట్టెలు లోపల పెట్టి, కిందకు దిగి, కిటికీ దగ్గరికి వచ్చింది. అక్కడికెళ్ళాక వేళకు తినమంది. డాక్టరమ్మ తల ఊపింది, మీ ఆడపడుచు జాగ్రత్త అంది. కిటికీ చువ్వ మీద ఉన్న పిన్ని చేతిమీద తన చేయి ఒకసారి వేసి తీసేసింది. బస్సు కదిలింది.

ఇంటికి నడుస్తూ పిన్ని, డాక్టరమ్మ తిట్టి ఉంటే ఎలా తిట్టి ఉండేదో తనే అల్లుకుంటూ పోయింది. మొదట ఆవిడ చేత గట్టిగా అనిపించి చూసింది, తర్వాత చల్లగా, తర్వాత ఏడుస్తూ. హేచరీ మేస్త్రీ తిట్లు గుర్తున్నాయి, ఇంటికొస్తే అత్తగారివి గుర్తున్నాయి, అవేవీ ఆ నోటికి అతకలేదు. ఇంటి సందు మలుపు దాకా ప్రయత్నించింది. డాక్టరమ్మ ఎవరినైనా తిట్టగా ఆమె ఒక్కసారైనా వినలేదు మరి, ఆ గొంతు ఎక్కడి నుంచి తెచ్చుకుంటుంది?